దగ్గు, గొంతునొప్పి : కళ్లములోను ఇంటిలోను తీసికొనవలసిన జాగ్రత్తలు

సంక్రాంతి దాటిన తరువాత శబరి ఒడ్డున మిరప కోతలు ముమ్మరముగా సాగును. చింతూరు నుండి కూనవరము పోవు త్రోవలో కళ్లము కంటికి కనబడుటకు ముందే ముక్కునకు తెలియును. ఎఱ్ఱని కాయ ఆరబోసిన చోటికి నాలుగడుగులు వేసితిమా, గొంతు గరగరలాడి దగ్గు మొదలగును. కాయలు ఏరు ఆడవారు దగ్గుచు ఏరుచుందురు. మూటలు కట్టువారు దగ్గుచు కట్టుచుందురు. పసిపిల్లలు ఆ ప్రక్కనే చీర ఉయ్యెలలో దగ్గుచుందురు. ఇది ఏటేట చూచునదే గనుక ఎవరును దానిని పట్టించుకొనరు.

వ్యవసాయశాఖవారు ఎరువులను, విత్తనములను గురించి చెప్పక దగ్గును గురించి చెప్పుట మీకు వింతగా తోచవచ్చును. కాని రైతుకు వచ్చు దగ్గులో చాలభాగము పొలమునందో, కళ్లమునందో, గడ్డివామి యొద్దనో, పొయ్యి యొద్దనో పుట్టుచున్నది. ఆ తావులకు డాక్టరుగారి కంటె ముందు మావంటి వారమే పోవుచుందుము. పోయి సరిగా చూడకుండుటవలన జరిగిన పొరపాటు నాది ఒకటి కలదు. మొదట దానినే చెప్పెదను.

రెండేండ్ల క్రిందట మిరపపైరుపై నల్ల తామరపురుగును చూచుటకై శబరి ఆవలి ఒడ్డున ఒక కోయపల్లెకు పోయితిని. అక్కడ అరువది యేండ్లు దాటిన రైతు ఒకడు కళ్లమున కూర్చుండి తెరలు తెరలుగా దగ్గుచుండెను. "ఏమి పెద్దయ్యా, ఈ దగ్గు?" అని అడిగితిని. "మిరప ఘాటు బాబూ, ఏటా ఉండేదే" అనెను. "మూతికి తుండుగుడ్డ కట్టుకో" అని చెప్పి నేను పురుగును వెదకుటలో పడితిని. మరల ఇప్పపూవు రాలు దినములలో ఆ పల్లెకు పోయితిని. కాయ బస్తాలకెక్కి గుంటూరు యార్డుకు పోయి నెల దాటినది; దగ్గు మాత్రము పోలేదు. మనిషి సగమైనాడు. ఆశా కార్యకర్త ఆయన కఫమును చింతూరు ఆసుపత్రికి పంపి పరీక్ష చేయించగా క్షయ అని తేలెను. ఆరు నెలలు మందు మ్రింగి ఆయన బాగుపడెను. కాని అంతవరకు మూడేండ్ల మనుమడు ప్రతిరాత్రి ఆయన ప్రక్కలోనే పండుకొనుచుండెను.

నేను అడుగవలసిన ప్రశ్న ఒక్కటే. "ఎన్నాళ్లనుండి?" అని అడిగియుండవలసినది. అడుగలేదు. మిరప ఘాటునకు వచ్చిన దగ్గు కళ్లము విడిచిన కొన్ని గంటలలో తగ్గవలెను. రాత్రి ఇంటిలోను, పనిలేని నాడును, కాయ అమ్ముడుపోయిన తరువాతను వచ్చు దగ్గు మిరపది కాదు. ఈ వ్యాసములో మరేదియు జ్ఞాపకముండకున్నను ఈ లెక్క ఒక్కటి జ్ఞాపకముంచుకొనుడు. దగ్గు మొదలైన దినమును ఇంటి గోడపైనున్న క్యాలెండరులో గుర్తు పెట్టుకొనుడు.

దగ్గు ఎందులకు వచ్చును?

దగ్గు స్వయముగా రోగము కాదు. ఊపిరి పోవు గొట్టములలో దుమ్ము గాని, కఫము గాని, పొగ గాని చేరినపుడు వానిని బయటికి నెట్టుటకు శరీరము చేయు పని అది. పొలములో పడిన పశువును కావలివాడు అదలించినట్లే అనుకొనుడు. కావలివాని నోరు మూసినంత మాత్రమున పశువు పోదు గదా! కనుక దగ్గును ఆపు మందు కొరకు పరుగెత్తుటకు ముందు లోనికి ఏమి చొరబడినదో చూచుకొనవలెను.

ఎక్కువమందికి కారణము మామూలు పడిసెమే. సూక్ష్మక్రిములలో వైరసు అను జాతివి ముక్కును, గొంతును పట్టును. రెండు మూడు దినములు గొంతునొప్పి, ముక్కు కారుట, ఒంటినొప్పులు, కొద్ది జ్వరము ఉండును. గొంతునొప్పి సాధారణముగా వారము లోపల తగ్గును. దగ్గు మాత్రము రెండు, ఒక్కొక్కప్పుడు మూడు వారములు సాగవచ్చును. దీనికి సూది మందు గాని, యాంటిబయాటిక్ బిళ్లలు గాని పనిచేయవు. ఆ మందులు వైరసును చంపలేవు. వారపు సంతకు పోయినవారు అక్కడ ఒక సూది వేయించుకొని వచ్చి "తగ్గిపోయింది" అందురు. అది సూది లేకున్నను తగ్గునదే.

రక్తపుపోటునకు వాడు ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి బిళ్లలవలన కొందరికి ఎడతెగని పొడిదగ్గు వచ్చును. అట్టివారు బిళ్లను తామే మానక, మందు వ్రాసిన డాక్టరునకు చెప్పిన యెడల వేరుమందు ఇచ్చెదరు. రాత్రి పొద్దుపోయి కారముగా తిని వెంటనే పండుకొనువారికి కడుపులోని పులుసు గొంతువరకు వచ్చి దగ్గు పుట్టుటయు కలదు. ఉబ్బసము గలవారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వారికి అన్ని దుమ్ములును శత్రువులే.

మిరప కళ్లము

మిరపకాయలోని కారమునకు కాప్సైసిన్ అను పదార్థము కారణము. అది గొంతులోని నరములను రేపును. అందుచేతనే దగ్గు, తుమ్ములు, కంటనీరు వచ్చును. ఇది కాక కళ్లపు దుమ్ములో మట్టియు, బూజుపట్టిన కాయలనుండి రేగు బూజుపొడియు ఉండును. కారముకంటె ఈ రెండవదియే ఊపిరితిత్తులకు ఎక్కువ చెరుపు.

దుమ్మును తగ్గించుటకు చేయవలసినవి కాయ నాణ్యమునకును మేలుచేయునవే. కాయను వట్టి నేలపై ఆరబోయక టార్పాలిన్ పట్టాపై గాని, సిమెంటు కళ్లముపై గాని ఆరబోయవలెను. మిట్టమధ్యాహ్నము ఎండకు పెళుసెక్కిన కాయను కదిపినచో చిట్లి, గింజలు రాలి, ఘాటు లేచును. తెల్లవారి చల్లదనమునకు కాయ కొద్దిగా మెత్తబడియుండును. తాలుకాయ ఏరుట, మూటలు కట్టుట ఆ వేళ చేసికొనినచో కాయ విరుగదు, దగ్గును తక్కువ. అయితే మెత్తదనము కొరకు కాయపై నీళ్లు చల్లువారు కొందరు కలరు. అది ఎంతమాత్రము పనికిరాదు. తేమ నూటికి పది, పదకొండు పాళ్లకు మించినచో బస్తాలో బూజు పుట్టును. మరల విప్పునపుడు ఆ బూజుపొడి మీ ముక్కులోనికే వచ్చును.

పనివారు గాలి వీచు వైపునకు వీపు పెట్టి కూర్చుండవలెను. రెండు మూడు మడతలు వేసిన గుడ్డ ముక్కునకు కట్టుకొనినచో మట్టిదుమ్ము కొంత ఆగును. మందుల దుకాణములలో దొరకు ఎన్-95 అను ముసుగు ఇంతకంటె చాల మేలు. ఉయ్యెలను మాత్రము కళ్లమునకు దూరముగా, గాలి వచ్చు వైపున కట్టవలెను. నాకు తెలిసి దీనికి పైసా ఖర్చు లేదు. అయినను పది కళ్లములలో ఎనిమిదింట ఉయ్యెల మిరపరాశి ప్రక్కనే కనబడును.

పురుగుమందు చల్లునపుడు గుడ్డ కట్టుకొని ధైర్యముగా ఉండువారికి ఒక మాట. గుడ్డ మందునీటిని పీల్చుకొని మూతికి అంటిపెట్టుకొనియుండును గనుక కొంతసేపటికి అది మేలునకు బదులు కీడే చేయును. చల్లినవెంటనే గొంతుమంట, దగ్గు, నోట చొంగ కారుట, రొమ్ము పట్టినట్లుండుట, కంటిపాప చిన్నదగుట కనబడినచో అది ఇంటివైద్యమునకు లొంగునది కాదు. బట్టలు విప్పి సబ్బుతో ఒళ్లు కడిగి, మందుడబ్బాను వెంటగొని ఆసుపత్రికి పోవలెను. డబ్బాపై చీటీ చూడనిదే డాక్టరునకు ఏ విషమో తెలియదు.

బూజుగడ్డి : చలిజ్వరమని పొరబడు రోగము

2022 జులైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినపుడు శబరి వెనుకకు పొంగి చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మండలములలో ఊళ్లకు ఊళ్లు మునిగినవి. ఇండ్లలోని ధాన్యము, గడ్డి తడిసినవి. అంత పెద్ద వరద లేని సంవత్సరములలోను కార్తెలు తప్పి పడిన వానకు కోసిన వరిపనలు తడియుట మనము ఎరిగినదే. తడిసిన గడ్డిని ఆరబెట్టక వామి వేసినచో లోపల వేడెక్కి తెల్లని, బూడిదరంగు బూజు పట్టును. వేసవిలో ఆ గడ్డిని దులిపి పశువులకు వేయునపుడు పొగవలె పొడి లేచును.

ఆ పొడి పీల్చినవారిలో కొందరికి నాలుగు మొదలు ఎనిమిది గంటల తరువాత, అనగా ఉదయము గడ్డి దులిపినచో సాయంకాలమునకు, చలి, జ్వరము, పొడిదగ్గు, ఆయాసము, ఒళ్లునొప్పులు వచ్చును. మరునాటికో, ఆ మరునాటికో తగ్గును. మరల గడ్డి ముట్టిననాడు మరల వచ్చును. ఇంగ్లండులో 1932లో క్యాంబెల్ అను డాక్టరు, వానలు ఎక్కువై గడ్డి తడిసిన యేడు బూజుగడ్డిలో పనిచేసిన రైతులకు ఇట్టి జబ్బు వచ్చినదని వ్రాసెను. దానికి ఆ దేశమున "రైతు ఊపిరితిత్తి" అనియే పేరు పడినది. ధాన్యము జల్లించువారి దగ్గును గురించి ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జీని 1700లోనే తన గ్రంథమున వ్రాసియుండెను. కనుక ఇది క్రొత్త జబ్బు కాదు, మన ఒక్కరి జబ్బును కాదు.

మన ఏజెన్సీలో చిక్కు ఏమనగా, చలిజ్వరము అనగానే అందరును మలేరియా అనుకొందురు. అట్లనుకొనుట తప్పు కాదు. ఈ అడవులలో మలేరియా నిజముగా ఉన్నది. చలిజ్వరము వచ్చినవారు ముందుగా రక్తపరీక్షయే చేయించుకొనవలెను. ఆశా కార్యకర్త యొద్దనున్న పరీక్షపట్టీతో వేలిచుక్కను చూచి అరగంట లోపల చెప్పుదురు. ఆ పరీక్షలో మలేరియా లేదని తేలి, జ్వరము గడ్డి ముట్టిన సాయంత్రములందే వచ్చుచున్నచో, ఆ సంగతి డాక్టరునకు చెప్పవలెను. చెప్పనిచో ఆయనకు ఎట్లు తెలియును? ఏండ్ల తరబడి ఇట్లే పీల్చుచుండినచో ఊపిరితిత్తులు గట్టిపడి నాలుగడుగులకే ఆయాసము వచ్చును. ఆ నష్టము మరల పూడదు.

నివారణ మన చేతిలోనిదే. వామిని నేలపై వేయక రాళ్లపైనో, వెదురుమంచెపైనో ఎత్తుగా వేసి, పైన వాలుగా కప్పు వేయవలెను. బూజుపట్టిన గడ్డిని పాకలోపల దులుపరాదు. ఆరుబయట కొద్దిగా నీళ్లు చల్లి తీసి, పెంటకుప్పలో వేసి ఎరువు చేసికొనుట ఉత్తమము. పశువులకును అది మంచి మేత కాదు.

పొగ

ఇంటిలో మూడురాళ్ల పొయ్యి, పచ్చికట్టె, ఒకే వాకిలి. ఈ మూడును కలసినచోట తల్లికిని, చంకలోని బిడ్డకును దగ్గు తప్పదు. చలికాలమున మంట చుట్టును పండుకొను అలవాటు మన కొండపల్లెలలో ఉన్నది. మంట లేక ఆ చలికి ఆగుట కష్టమేయని నేనును ఒప్పుకొందును. అయినను కట్టెను వానకు ముందే కోసి ఎండబెట్టి అటకపై పెట్టుకొనుట, వంటను వసారాలోనికి మార్చుట, కప్పు క్రింద గోడకు పొగ పోవు దారి వదలుట చేయదగినవి. 2016లో మొదలైన ఉజ్జ్వల పథకము క్రింద గ్యాసు తీసికొని, సిలిండరు నింపించుట కష్టమై మూల పెట్టినవారు, కనీసము పసిబిడ్డ ఉన్న ఇంట ఆ రెండేండ్లయినను దానిని వాడినచో మేలు.

మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పచెట్ల క్రింద ఆకులకు నిప్పుపెట్టి నేలను శుభ్రముచేయు వాడుక మరియొకటి. రాలిన పూవు కనబడుటకు ఇట్లు చేయుదురు. ఆ పొగ పల్లెలపై పొద్దుపోవు వరకు నిలుచును, అడవికిని నిప్పంటుకొనును. చెట్టుక్రింద ఊడ్చి పాతచీరనో, వలనో పరచినచో పూవు మట్టి అంటక దొరకును.

చుట్ట, బీడీ, పొగాకు నమలుట గురించి క్లుప్తముగానే చెప్పెదను. మీకు తెలియనిది కాదు. పొగత్రాగువాని ఉదయపు దగ్గు "అలవాటు దగ్గు" కాదు, ఊపిరితిత్తులు చెడుచున్న గుర్తు. మూడు వారములకు మించి గొంతు బొంగురుపోయినను, మింగుడు కష్టమైనను, నోటిలో మానని పుండు ఉన్నను చూపించుకొని తీరవలెను.

ఇంటిలో చేయదగినది

పడిసెపు దగ్గునకు, గొంతునొప్పికి మన ఇండ్లలోనున్న వైద్యము చాలవరకు చాలును. గ్లాసు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి దినమునకు మూడు నాలుగుసారులు గొంతుదాక పుక్కిలించి ఉమ్మవలెను. పుక్కిలించుట తెలియని చిన్నపిల్లలతో ఇది చేయింపరాదు. వెచ్చని గంజి, జావ, చారు, మజ్జిగ ఏదైనను మాటిమాటికి త్రాగవలెను. నీరు చాలినంత పోయినచో కఫము పలుచనై సులభముగా వచ్చును. "దగ్గు ఉన్నది, నీళ్లు ఇవ్వకు" అని బాలింతలను, పిల్లలను ఎండగట్టుట మంచిది కాదు. చంటిబిడ్డకు చనుబాలు మానరాదు. మామూలుకంటె ఎక్కువసారులు ఈయవలెను.

తేనె మన అడవి సొమ్ము. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థవారు చింతపండు, కరక్కాయలతోపాటు తేనెను కూడ గిరిజనులయొద్ద కొని అమ్ముచున్నారు. దగ్గునకు తేనె పనిచేయునని నేటి వైద్యులును ఒప్పుకొన్నారు. రాత్రి పండుకొనబోవు ముందు పెద్దలకు చెంచాడు, యేడాది దాటిన పిల్లలకు అరచెంచా ఇచ్చినచో దగ్గు తగ్గి నిద్ర పట్టును. అయితే యేడాది లోపు బిడ్డకు తేనె నాకింపనే రాదు. తేనెలో ఒక్కొక్కప్పుడు ఉండు ఒక క్రిమి గింజలు పసిబిడ్డ ప్రేవులలో మొలిచి విషము పుట్టించును. బిడ్డ ఒళ్లు వాల్చివేసి ఊపిరికే మోసము రావచ్చును. పుట్టినబిడ్డ నాలుకపై తేనె రాయు ఆచారమును ఈ కారణముచేతనే మానవలెను.

కరక్కాయ ముక్కను బుగ్గన పెట్టుకొని రసము మ్రింగుట, సొంటి మిరియాల కషాయము, తులసి ఆకుల నీరు, పసుపు వేసిన పాలు మన పెద్దల వాడుకలు. గొంతునకు హాయినిచ్చును, మితముగా తీసికొనినచో చెరుపు లేదు. అడ్డసరపు ఆకు సంగతి మరింత ఆశ్చర్యకరము. కంచెలలో పెరుగు ఈ మొక్కలోని వాసిసిన్ అను పదార్థమును ఆధారముచేసికొనియే కఫమును పలుచచేయు బ్రోమ్‌హెక్సిన్ అను మందును తయారుచేసిరి. అయినను గర్భిణులు అడ్డసరము వాడరాదు. అది గర్భమునకు హాని చేయగలదు.

చేయకూడని పనులు కొన్ని ఉన్నవి. పసిబిడ్డ ముక్కులో నూనె చుక్కలు వేయరాదు. నూనె ఊపిరితిత్తులలోనికి దిగును. కర్పూరము నోటపెట్టుట విషము. మరుగునీటి కుండపై పిల్లలను వంచి ఆవిరి పట్టించుచు కాళ్లు చేతులు కాల్చుకొనినవారు కలరు. పిల్లలకు ఆవిరి వలదు. నాటు సారా పోసినచో గొంతు విచ్చుకొనునను మాట వట్టిది, అది మంటను పెంచును.

దుకాణములో అడిగిన వెంటనే ఇచ్చు దగ్గుమందు సీసాను గురించి రైతులు తెలిసికొనవలసిన సంగతి ఒకటి జరిగినది. 2025లో మధ్యప్రదేశములోని ఛింద్వాడా జిల్లాలో కలుషితమైన దగ్గుమందు త్రాగిన చిన్నపిల్లలు మూత్రపిండములు చెడి మరణించిరి. ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అను విషము ఉండినది. 2022లో ఆఫ్రికాలోని గాంబియా దేశమునందును ఇట్లే జరిగినది. రెండేండ్లలోపు పిల్లలకు దగ్గు, పడిసెపు మందులు ఈయరాదనియు, అయిదేండ్లలోపు వారికి సాధారణముగా వలదనియు కేంద్రప్రభుత్వపు ఆరోగ్యశాఖవారు 2025 అక్టోబరులో తెలిపిరి. ఆ వయసు పిల్లల దగ్గు చాలవరకు దానంతట అదే తగ్గును. తగ్గనిచో కావలసినది డాక్టరు, సీసా కాదు.

ఎప్పుడు ఇంట కూర్చుండరాదు

పిల్లల విషయమున మీరు ఒక విద్య నేర్చుకొనవలెను. అది ఊపిరి లెక్కించుట. బిడ్డ ఏడువక నెమ్మదిగా ఉన్నపుడు చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసారులు లేచుచున్నదో గడియారము చూచుచు పూర్తిగా ఒక నిమిషము లెక్కించుడు. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలలు మొదలు యేడాది లోపు వారికి 50, యేడాది మొదలు అయిదేండ్ల లోపు వారికి 40 గాని, అంతకుమించి గాని ఉన్నచో అది ఊపిరితిత్తుల వాపు, అనగా న్యుమోనియా కావచ్చును. ఊపిరి పీల్చునపుడు ప్రక్కటెముకల క్రింద రొమ్ము లోనికి గుంజుకొనిపోవుట, పాలు త్రాగలేకపోవుట, మత్తుగా పడియుండుట, పెదవులు నీలమగుట కనబడినచో ఒక్క పూటయు ఆగరాదు. దారి ఉన్న ఊరివారు 108 బండిని పిలువవలెను. దారిలేని కొండపల్లెవారు డోలీ కట్టి, దారి వచ్చుచోటికి బండిని పిలిపించుకొనవలెను.

గొంతులో బూడిదరంగు పొర కట్టి, మెడ వాచి, ఊపిరి కష్టమైనచో అది కంఠసర్పి కావచ్చును. దగ్గు తెరలుగా వచ్చి చివర "ఊప్" మని శబ్దము చేసి బిడ్డ వాంతి చేసికొనినచో కోరింత దగ్గు. ఈ రెంటికిని టీకాలు ఉన్నవి. పుట్టిన 6, 10, 14 వారములకు వేయు సూదులు, ఏడాదిన్నర ప్రాయమున ఒకటి, అయిదేండ్లు దాటినపుడు మరియొకటి తప్పక వేయింపవలెను. బడిపిల్లలకు పడిసెము, దగ్గు లేకుండ జ్వరముతో గొంతునొప్పి వచ్చి, దవడ క్రింద గడ్డలు నొప్పిపెట్టుచు, గవదలపై తెల్లమచ్చలున్నచో అది వేరొక క్రిమి పని. దానిని ఉపేక్షించినచో కొందరికి కీళ్లవాతము వచ్చి గుండె కవాటములు చెడును. ఇక్కడ మాత్రము యాంటిబయాటిక్ అవసరమే. డాక్టరు పది దినములన్నచో పది దినములు మ్రింగవలెను. నొప్పి తగ్గినదని మూడవనాడు మానరాదు.

ఇక క్షయ. రెండు వారములకు మించిన దగ్గు ఎవరికి ఉన్నను కఫపరీక్ష చేయింపవలెను. సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, కఫములో రక్తపు జీర ఉన్నచో చెప్పనక్కరలేదు. పరీక్షయు మందులును ఉచితము. సాధారణ క్షయకు ఆరు నెలల మందు. మందు తినునంతకాలము ఆహారము కొరకు నెలకు 500 రూపాయలు ఇచ్చుట 2018లో మొదలై, 2024 నవంబరు నుండి 1000 రూపాయలైనది. ఇంటిలోని తక్కినవారిని కూడ పరీక్షించి, అవసరమైనవారికి ముందుజాగ్రత్త మందు ఇత్తురు. ఆ పెద్దయ్య మనుమనికిని ఇచ్చిరి.

క్షయ అనగానే ఇల్లు విడిపించి ఎక్కడికో పంపుదురను భయముతో దాచువారు ఇప్పటికిని కలరు. ఆ భయమునకు పాత కారణము ఉన్నది. పూర్వము మదనపల్లె సమీపమున ఆరోగ్యవరము వంటి శానిటోరియములలో నెలల తరబడి ఉంచెడివారు. కాని 1956లో మదరాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు రోగులను రెండు తెగలుగా చేసి, కొందరిని శానిటోరియమునందును, కొందరిని వారి పేద ఇండ్లలోనే ఉంచియు మందు ఇచ్చి చూచిరి. ఇంట ఉన్నవారును దాదాపు అంత బాగుగానే నయమైరి. ఇంటివారికి అంటుటయు అందువలన పెరుగలేదు. 1959లో ఈ ఫలితములు వెలువడిన పిమ్మట లోకమంతయు ఇంటిచికిత్సకు మరలినది. మందు మొదలుపెట్టిన కొన్ని వారములలో అంటు బలము తగ్గిపోవును. అంతవరకు రోగి వేరుగా, గాలి వచ్చుచోట పండుకొని, దగ్గునపుడు నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొని, మూతడబ్బాలో ఉమ్మి దానిని పాతిపెట్టినచో చాలును. కంచము వేరు పెట్టి మనిషిని వెలివేయనక్కరలేదు.

గ్రామోద్యోగులకు ఒక మనవి. వానలు పడి శబరి నిండిన తరువాత ఆవలి ఒడ్డు పల్లెలకు కఫపు డబ్బా చేర్చుటయు, టీకా చేర్చుటయు ఎంత కష్టమో మీకు తెలియును. కనుక జూను నెలకు ముందే, మిరప అమ్మకములు ముగిసి జనము ఊళ్లలో ఉన్న వేసవి దినములలో, మూడు జాబితాలు వ్రాసికొనుడు. రెండు వారములకు మించి దగ్గుచున్నవారు, టీకా తప్పిన పిల్లలు, వానకాలములో ప్రసవము కావలసిన తల్లులు. జాబితాను ఆశా కార్యకర్తతో కలసి ఇంటింటికి తిరిగి వ్రాయుట మంచిది. గ్రామసభలో నిలుచుండి అడిగినచో దగ్గువాడు చేయి ఎత్తడు. నేను పోయినయేడు ఒక పల్లెలో అట్లు అడిగి చూచితిని. ఒక్కరును లేచి చెప్పలేదు. సభ ముగిసి చెట్టు క్రిందికి పోయిన తరువాత ముగ్గురు వచ్చి, మెల్లగా, తమకు కాదు, తమ ఇంటిలో మరొకరికి ఉన్నదని చెప్పిరి.